ఆమెన్ అనేదాకా ఎవరూ కదలొద్దు

మొన్న మా అమ్మాయి మమ్మల్ని చూడటానికి వచ్చింది. వచ్చీ రాగానే నా ముసలి లాప్‌టాప్ ఆయాసపడుతోందని కనిపెట్టి, "మమ్మీ, దీంట్లో ఉన్నదంతా తుడిచేసి లినక్స్ వేస్తా, ఇంకొన్నేళ్లు లాగుతుంది," అంది. హ్యాండ్‌బ్యాగులోంచి చిటికెన వేలంత పెన్‌డ్రైవ్ తీసింది, తన కంప్యూటర్‌కు గుచ్చింది, ఒక్క లైను కొట్టింది, "ఐదు నిమిషాలు పడుతుంది" అని టీ కోసం లేచింది. అంతే, నాకేం పూనిందో నాకే తెలియదు. పరుగున వంటింట్లోకి వెళ్లి, పల్లీల చట్నీ రుబ్బుతున్న మా ఆయన చేతి కిందే మిక్సీ స్విచ్ కట్టేశాను. వెనక్కొచ్చి ఫ్యాన్ ఆపేశాను. హాలు మధ్యలో నిలబడి, "ఎక్కడివాళ్లు అక్కడే ఉండండి, ఎవరూ నడవద్దు!" అని కేకేశాను. చేతిలో గరిటెతో ఆయనా, కప్పుతో అమ్మాయీ గడప దగ్గర బిగుసుకుపోయారు. "ఏమైంది మమ్మీ, భూకంపమా?" అంది పిల్ల. కాదమ్మా, డిస్కు రాస్తున్నప్పుడు కదలకూడదు అన్నాను. అన్నాక నాకే నవ్వొచ్చింది. అది డిస్కు కాదు, అలా కదలకుండా కూర్చోవాల్సిన రోజులు పోయి చాలా కాలమైంది. అయినా నా కాళ్లకు ఆ సంగతి ఇంకా ఎవరూ చెప్పినట్టు లేదు.

ఆ కాళ్లకు ఆ భయం నేర్పిన ఇల్లు అమీర్‌పేట చౌరస్తా నుంచి లోపలికి పోయే గల్లీలో, ఒక బట్టల దుకాణం మీద, మొదటి అంతస్తులో ఉండేది. ఇల్లంటే వెనక రెండు గదులే. ముందున్న పెద్ద హాలంతా మా నాన్న టైపు ఇన్‌స్టిట్యూట్. నాన్న పేరు దేవదానం, గల్లీలో అందరికీ టైపు సారు. పొద్దున్నే మెషిన్ల మీది గుడ్డలు తీసి, పాత పళ్ల బ్రష్షును కిరోసిన్‌లో ముంచి అక్షరాల పళ్లు తోమేవాడు. ఆయన తన పళ్లు తోముకోవడం ఆ తర్వాతే. ముందు హాల్లోంచి కిరోసిన్, రిబ్బను సిరా వాసన, వెనక వంటింట్లోంచి నాయనమ్మ వేయించే ఎండుచేపల వాసన బయల్దేరి, రెండూ మధ్య గదిలో కలుసుకునేవి. మధ్య గదిలో పడుకునేది నేను. అమ్మ నా చిన్నప్పుడే పోయింది, నన్ను పెంచింది నాయనమ్మ రూతమ్మా, ఆ టకటకలూ.

నాన్నకు కళ్లకన్నా చెవులు ఎక్కువ పనిచేసేవి. వెనక గదిలో గడ్డం గీసుకుంటూనే, "మూడో మెషిన్! చిటికెన వేలుతోటి కొట్టమన్న కదా, చూపుడు వేలు ఎందుకు పోతున్నది?" అని అరిచేవాడు. మూడో మెషిన్ ముందున్న పిల్లాడు గోడ వంక భయంగా చూసేవాడు, గోడకు కన్నమేమైనా ఉందేమోనని. తప్పు దొరికితే ఎర్ర పెన్సిల్‌తో సున్నా చుట్టేవాడు. తిట్టేవాడు కాదు, సున్నా చుట్టి నిట్టూర్చేవాడు. ఆ నిట్టూర్పుకన్నా రెండు తిట్లు తినడం మేలని పిల్లలు నాతో చెప్పేవాళ్లు.

అలాంటి హాలు మెల్లగా ఖాళీ అవడం మొదలైంది. అప్పటికి అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సుల బోర్డు లేని స్తంభం లేదు, కిటికీ లేదు. ఒక బోర్డు వెనక ఇంకో బోర్డు, దాని వెనక ఎక్కడో బిల్డింగు. మా పిల్లలు కూడా టైపు సగంలో మానేసి అటు పోయేవాళ్లు. ఇంటి ఓనరు ఒకరోజు పైకొచ్చి, హాలు ఈ చివర నుంచి ఆ చివరకు అడుగులు వేసుకుంటూ నడిచి, "దేవదానం సార్, గీ మెషిన్లు తీసేస్తే గీడ హాస్టల్ మంచాలు మస్తు పడ్తయి. నెలాఖరు దాక చూస్త. పిల్లలొస్తే ఉండుండ్రి, లేకుంటే హాలు నాకియ్యుండ్రి," అన్నాడు. హాలు పోతే వెనక గదులూ పోయినట్టే. కానీ ఆ రోజు నాన్న మొహంలో నేను చూసింది ఇల్లు పోతుందన్న భయం కాదు. తన వేళ్లు ఇక ఎవరికీ అక్కర్లేదేమోనన్న భయం. నాకు ఏడుపొచ్చింది. ఆయన మాత్రం ఎర్ర పెన్సిల్ చెక్కుకుంటూ కూర్చున్నాడు.

చెక్కడం అయ్యాక ఆయన ఒక నిర్ణయానికి వచ్చాడు. సోమాజిగూడలో ఏదో ఆఫీసు మూసేస్తుంటే, సగం టైపు మెషిన్లు అమ్మేసి అక్కడి ఆరు పాత కంప్యూటర్లు తెచ్చాడు. పిల్లల తల్లిదండ్రులందరికీ కబురు పెట్టాడు: సోమవారం పొద్దున పదింటికి రండి, చూడండి, నచ్చితే చేర్పించండి అని. పాఠం చెప్పేది ఎవరయ్యా అంటే నేను. నేను ఆ పక్క గల్లీలోనే యూనిక్స్ అనే కంప్యూటర్ కోర్సు పూర్తి చేసి సర్టిఫికెట్ తెచ్చుకున్నదాన్ని మరి. నాన్నకు చెప్పని సంగతి ఒకటుంది. ఆ కోర్సులో నలభై మందికి ఒకే కంప్యూటర్. దాని ముందు ఎప్పుడూ సారే కూర్చునేవాడు. నేను రెండు లాంగ్ నోట్‌బుక్కుల నిండా కమాండ్లు రాసుకున్నానుగానీ, ఒక్కటి కూడా నా చేత్తో కొట్టింది లేదు. ఈతను పుస్తకంలో చదివి పాసైనట్టు.

తెచ్చిన కంప్యూటర్లు ఆరూ ఖాళీవి. స్విచ్ వేస్తే నల్ల తెర మీద తెల్ల గీత మినుకుమినుకుమనేది, అంతే. ఆఫీసువాళ్లు లోపలంతా తుడిచేసి అమ్మారు. ఇక్కడ యాదగిరి గురించి చెప్పాలి. యూసుఫ్‌గూడలో కంప్యూటర్లు బిగించే దుకాణంలో పనిచేసేవాడు. ఒకప్పుడు నాన్న దగ్గరే టైపు నేర్చుకుని, లోయర్ పరీక్ష మూడుసార్లు తప్పాడు. ఎన్ని కంప్యూటర్లు బిగించినా నాన్న ముందు మాత్రం ఇప్పటికీ చేతులు వెనక్కి కట్టుకునే నిలబడేవాడు. ఫుట్‌పాత్ మీద అన్ని రకాల సాఫ్ట్‌వేరు డిస్కులూ కుప్పలు పోసి అమ్ముతున్నారు, ఒకటి తెచ్చి వేస్తానన్నాడు. నాన్న చర్చిలో సంఘ పెద్ద. దొంగ కాపీ నా హాల్లో అడుగు పెట్టదన్నాడు.

"అయితే లినక్స్ వేద్దాం సార్. యూనిక్స్ అసొంటిదే, మన చెల్లె నేర్సుకున్నది గదే," అన్నాడు యాదగిరి. "అది ఎవ్వరిది కాదు. అందరిది. ఎన్ని మెషిన్లల్ల వేసుకున్నా దొంగతనం కాదు."

"ఎవ్వరిది కానిది అంటే తొవ్వల దొరికిన పర్సు లెక్కనా?" అన్నాడు నాన్న అనుమానంగా.

"కాదు సార్. సేసినోల్లే తీస్కోమని పంచిన్రు."

"పంచిన్రా? అయితే సరే. పంచింది తీస్కోవచ్చు," అంది లోపల్నుంచి నాయనమ్మ. మా ఇంట్లో పెద్ద కోర్టు ఆవిడే.

ఆ శనివారం పొద్దున్నే యాదగిరి తన సొంత కంప్యూటర్‌ను దుప్పట్లో చుట్టుకుని ఆటోలో తెచ్చాడు. దానికి మాత్రమే డిస్కులు రాసే డ్రైవు ఉంది. లినక్స్ అంటే కంప్యూటర్‌ను నడిపించే సాఫ్ట్‌వేరు, అది మొత్తం ఒకే పెద్ద ఫైలుగా ఉంటుంది. సోమాజిగూడలోనే ఇంకో ఆఫీసులో అతని దోస్తు రోజుల తరబడి దాన్ని దింపి పెడితే, హార్డ్ డిస్కులో ఎక్కించుకుని, ఆ హార్డ్ డిస్కును టవల్లో చుట్టి, టవల్‌ను స్టీలు టిఫిన్ డబ్బాలో పెట్టి తెచ్చాడు. నాయనమ్మ మూత తీసి చూసి, అన్నం లేదేందని బాధపడింది. ఇక చేయాల్సింది ఆ ఫైలును ఖాళీ సీడీ మీదికి రాయడం. ఆ సీడీ పెట్టి స్విచ్ వేస్తే ఖాళీ కంప్యూటర్ దాన్ని చదువుకుని నిద్ర లేస్తుంది, లేచి అన్నీ తనలోకి ఎక్కించుకుంటుంది. పది ఖాళీ డిస్కులు తెచ్చాం. "ఆరు మెషిన్లు, ఆరు డిస్కులు. నాలుగు తప్పులకు," అన్నాడు నాన్న. యాదగిరి ఏదో అనబోయి, చేతులు వెనక్కి కట్టుకుని, "సరే సార్," అన్నాడు.

మొదటి డిస్కు సగం రాస్తుండగా నాయనమ్మ టమాటా పచ్చడికి మిక్సీ వేసింది. లైట్లు ఒకసారి గుడ్లు తేలేశాయి, డిస్కు పోయింది. ఆ డ్రైవు రాయడం మొదలుపెట్టిందంటే మధ్యలో ఊపిరి తిప్పుకోకూడదు. ఒక్క క్షణం తడబడినా డిస్కు చెత్తబుట్టకే. రెండోదానికి మిక్సీ బంద్ చేయించాం. కానీ కింద బట్టల దుకాణంవాడు ఇస్త్రీ పెట్టె పెట్టాడో ఏమో, అదీ పోయింది. అప్పుడు యాదగిరి కొత్త నియమం పెట్టాడు: డిస్కు రాస్తున్నంతసేపూ ఇంట్లో ఎవరూ నడవకూడదు, అదురుకు డిస్కు పోతుంది. అది నిజమో కాదో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ రోజు మాత్రం మాకది ధర్మశాస్త్రం. మూడు, నాలుగు, ఐదు డిస్కులు రాస్తున్నంతసేపూ నాన్న కుర్చీలో, నేను గడప మీద, నాయనమ్మ కూరగాయల కత్తిపీట మీద కాలు పెట్టి, బొమ్మల కొలువులా ఉండిపోయాం. నాయనమ్మ మధ్యలో తుమ్మొస్తే కొంగు నోట్లో కుక్కుకుంది.

ఆ మూడూ చక్కగా పూర్తయ్యాయి. పెట్టి చూస్తే కంప్యూటర్ ఒక్కటీ లేవలేదు. అదే నల్ల తెర, అదే మినుకుమినుకు. యాదగిరి తల గోక్కున్నాడు. నేను నా నోట్‌బుక్కులు తిరగేశాను. రెండో నోట్‌బుక్కు చివర, కోర్సు సారు ఎప్పుడో అన్న మాట నేనే మూలకు రాసుకున్నది కనిపించింది: ఫైలును ఫైలుగా రాయకూడదు, విప్పి రాయాలి. డిస్కు తెరిచి చూస్తే నిజమే, లోపల ఒకే ఒక్క ఫైలు, మూట విప్పకుండా మూటగానే ఉంది.

"అంటే పెట్టె తెరవకుండనే పెండ్లిచీర కట్టుకోమన్నరన్నమాట," అంది నాయనమ్మ. ఇంతకన్నా బాగా నేను ఇన్నేళ్లలో ఎవరికీ వివరించలేకపోయాను.

ఆరు, ఏడు విప్పి రాశాం. కంప్యూటర్ నిద్ర లేచింది! తెర నిండా అక్షరాలు పరుగెత్తాయి. నేను గంతేశాను. యాదగిరి, "ఇగ ఫికర్ లేదు సార్," అన్నాడు. ఆ మాట పూర్తి కాకముందే కంప్యూటర్ సగంలో ఆగిపోయి, ఏదో చదవలేకపోతున్నానంటూ మొండికేసింది. ఏడో డిస్కు కూడా సరిగ్గా అక్కడే ఆగింది. ఎనిమిదోదీ అక్కడే. అప్పటికి మధ్యాహ్నం మూడయింది. మిగిలినవి రెండు డిస్కులు. నాన్న లేచి వెళ్లి అమ్మకుండా మిగిల్చిన టైపు మెషిన్ల మీది గుడ్డలు సర్దాడు, ముడత లేని గుడ్డను కూడా మళ్లీ సర్దాడు.

వెనక్కొచ్చి, "యాదగిరీ, ఆ టిఫిన్ డబ్బల గీ కాయితం ఏంది?" అని అడిగాడు. ఆఫీసు దోస్తు ఫైలుతోపాటు ఇచ్చిన చీటీ అది. దాని మీద ముప్పై రెండు అక్షరాలూ అంకెలూ కలగలిసి ఒకే వరసలో ఉన్నాయి. యాదగిరి చెప్పాడు: కంప్యూటర్ మొత్తం ఫైలును లెక్కగట్టి ఇలాంటి గుర్తు ఒకటి తీస్తుంది, మన ఫైలుకు తీసిన గుర్తూ ఈ చీటీలోదీ ఒకటే అయితే ఫైలు సరిగ్గా వచ్చినట్టు. "గని గదెవ్వరు సూడరు సార్. అందరు డైరెక్ట్ వేసేస్తరు."

నాన్న లేచి నిలబడ్డాడు. "అంటే, ఒరిజినల్ ఉన్నది, కాపీ ఉన్నది, కంపేరింగ్ చెయ్యలేదు?"

టైపు నేర్చుకున్నవాళ్లకు కంపేరింగ్ అంటే తెలుస్తుంది. ఒకరు ఒరిజినల్ పట్టుకుంటారు, ఒకరు కాపీ పైకి చదువుతారు, కామాతో సహా, ఖాళీతో సహా. నాన్న చీటీ పట్టుకుని, చెవి వెనక నుంచి ఎర్ర పెన్సిల్ తీసి, నన్ను తెర ముందు కూర్చోబెట్టాడు. యాదగిరి కంప్యూటర్ చాలాసేపు గింజుకుని గుర్తు చూపించింది.

"చదువు."

"తొమ్మిది."

"సి ఉన్నది. తప్పు. తర్వాత?"

"ఎఫ్."

"నాలుగు. తప్పు. తర్వాత?"

"బి."

"సున్నా! తప్పు!"

నాయనమ్మకు ఇంగ్లీషు రాదు, కానీ చర్చిలో ఒకరు చదివితే మిగతావాళ్లు పలకడం అలవాటు కాబట్టి, ప్రతి తప్పుకూ "అయ్యో" అంటూ వచ్చింది. చివరికి ముప్పై రెండింటిలో రెండే కలిశాయి. నాన్న చీటీ నిండా ఎర్ర సున్నాలు. ఆయన నిట్టూర్చాడు. ఆ నిట్టూర్పుకు యాదగిరి రెండడుగులు వెనక్కి వేశాడు.

"ముప్పై తప్పులు! గింత అన్యాలమైన కాపీ నేనెన్నడు చూడలే. మూడుసార్లు ఫెయిలైనవు, నువ్వు సుత ఎన్నడు ఇన్ని చెయ్యలేదు కదరా!"

"ఒక్కటి తప్పైనా లెక్క మొత్తం మారుతది సార్..." అని గొణిగాడు యాదగిరి.

"ఒక్కటైనా తప్పు తప్పే. పో, పోయి మంచి కాపీ పట్టుకరా."

యాదగిరి టిఫిన్ డబ్బా పట్టుకుని సోమాజిగూడకు పరుగు. ఈసారి నాయనమ్మ డబ్బా పై గిన్నెలో నిజంగానే అన్నం పెట్టి పంపింది. అతను తిరిగొచ్చేసరికి ఆరు దాటింది. దోస్తు దింపింది బాగానే ఉందట, హార్డ్ డిస్కులోకి ఎక్కించుకునేటప్పుడే చెడిందట. మళ్లీ కంపేరింగ్. సి, సి. నాలుగు, నాలుగు. సున్నా, సున్నా. ముప్పై రెండూ కలిసేసరికి నాయనమ్మ అయ్యో అనడానికి అవకాశమే దొరక్క చిన్నబుచ్చుకుంది. నాన్న చీటీ కింద "పాస్" అని రాసి సంతకం చేశాడు. డిస్కు తెద్దామని పోతే ఒకటే ఉంది. రెండోదేదీ? పచ్చడి గిన్నె మీద మూతగా ఉంది. "నడుమ బొక్క ఉంటే గాలి ఆడుతదని పెట్టిన," అంది నాయనమ్మ. దాన్ని కడిగి వాడొచ్చేమోనని నేనూ యాదగిరీ ఒక నిమిషం సీరియస్‌గానే ఆలోచించాం.

ఒకే డిస్కు. మరునాడు ఆదివారం, ఆ రోజు మా ఇంట్లో పని ముట్టుకోరు. సోమవారం పదింటికి జనం వస్తారు. ఇప్పుడు రాయాలి, ఇప్పుడే సరిగ్గా రావాలి. యాదగిరి వేలు బటన్ మీద పెట్టబోతుండగా, "ఏడు కొట్టింది. ప్రార్థన," అంది నాయనమ్మ. ఏడింటికి కుటుంబ ప్రార్థన. లోకం తలకిందులైనా దాన్ని ఆపేది లేదు. నేను నోరు తెరిచేలోగా నాన్న అన్నాడు, "మంచిదే కదా. గీ ఇంట్ల అందరు కదలకుండ కూసునేది అప్పుడే. బటన్ నొక్కు."

యాదగిరి బటన్ నొక్కి, మాతోపాటే మోకాళ్లూనాడు. నాయనమ్మ మొదలుపెట్టింది. కళ్లు మూసుకుని ఊర్లో ఉన్న చుట్టాలను ఒక్కొక్కరినీ పేరుపేరునా దీవించమంది. నేను ఒక కన్ను తెరిచి చూశాను, డ్రైవు దీపం వెలుగుతూనే ఉంది. యాదగిరి రెండు కళ్లూ తెరిచే ఉన్నాయి. చుట్టాలు అయిపోయారు. జబ్బుపడ్డవాళ్లు అయిపోయారు. ఓనరు మనసు మెత్తబడాలంది. పాలవాడి బర్రె ఈనాలంది. నాన్న మెల్లగా, "అమ్మా, ఇంక సగమే అయింది, ఆపకు," అన్నాడు. నాయనమ్మ గొంతు సవరించుకుని టైపు మెషిన్లను ఒకటో నంబరు నుంచి దీవించడం మొదలుపెట్టింది. ఫోను మోగింది, ఎవరూ లేవలేదు. మోగి మోగి అదే ఊరుకుంది. మెషిన్లూ అయిపోయాయి.

"యాదగిరీ, మీ అమ్మ పేరేంది?" అంది కళ్లు తెరవకుండానే.

"లచ్చమ్మ అవ్వా."

"లచ్చమ్మ మోకాళ్ల నొప్పులు ముట్టు ప్రభువా..."

"ఆమె మోకాళ్లు మంచిగనే ఉన్నయి అవ్వా."

"ఇంక రాకుండ కాపాడు ప్రభువా."

నాకు నవ్వాగక భుజాలు అదురుతున్నాయి. అదిరితే డిస్కు పోతుందని ఏడుపు కూడా వస్తోంది. అంతలో టక్కున డ్రైవు నోరు తెరిచి, డిస్కును నాలుక చాపినట్టు బయటికి చాపింది. నాయనమ్మ ఉలిక్కిపడి, "ఆమెన్!" అని గల్లీ చివరిదాకా వినపడేలా కేక పెట్టింది.

ఆ డిస్కుతో మొదటి కంప్యూటర్ లేచింది, ఆగలేదు, చివరిదాకా ఎక్కింది. కానీ నాన్న మొహం విచ్చుకోలేదు. "ఒక్క మెషిన్ అయింది. మిగిలిన ఐదిటికి డిస్కులు ఏడికెళ్లి తెస్తం?" అన్నాడు. యాదగిరి అర్థంకాక చూశాడు. నాన్న లెక్కలో ఆ డిస్కు స్టాంపు కాగితం లాంటిది, ఒకసారి వాడితే పని అయిపోయింది. నాయనమ్మ లెక్కలో చర్చిలో పెట్టే ప్రభురాత్రి భోజనపు రొట్టె, ఒకరు తిన్నది ఇంకొకరికి పెట్టరు. "ఒక్కటే చాలు సార్. ఆరిట్ల కాదు, అరవై మెషిన్లల్ల వేస్కోవచ్చు," అన్నాడు యాదగిరి.

"మరి పొద్దుగాల ఆరు కావాలె అన్నప్పుడు ఎందుకు చెప్పలేదురా?"

"మీరు సార్ గదా. సార్ ఆరన్నంక నేను ఒక్కటెట్లంట?"

అందరం ఒకరి మొహం ఒకరం చూసుకుని, పచ్చడి మూత ఎగిరిపడేలా నవ్వాం. మిగిలిన ఐదింటికీ యాదగిరి ఆదివారం మొదలయ్యేలోపే ఎక్కించేశాడు.

ఇప్పుడు మా అమ్మాయి పెన్‌డ్రైవ్ ఐదు నిమిషాల్లో రాస్తుంది. కంపేరింగ్ చేశావా అని అడిగితే, "అదే చేసుకుంటుంది మమ్మీ," అంటుంది. నిజమే, మంచిదే. మేం పడ్డ తిప్పలు దాన్ని పడమని నేనెందుకంటాను? కానీ ఒక చిన్న పని కోసం ఇల్లంతా ఊపిరి బిగబట్టి, ఒకే దీపం వంక చూస్తూ మోకాళ్లూనడం ఉందే, అది దానికి లేదు. అది ఒక్కతే ఆ పని చేసుకుంటుంది, మేం పక్క గదిలో చట్నీ చేసుకుంటాం. దాని మీద నాకు జాలేసింది. ఆ మాట చెబితే, నా మీద దానికి జాలేసింది.

అన్నట్టు, ఆ సోమవారం పదింటికి తల్లిదండ్రులు వచ్చారు. ఓనరు కూడా వచ్చి తలుపు దగ్గర నిలబడి, మంచాలు ఎటు వేయాలా అని చూపులతో కొలుచుకుంటున్నాడు. యాదగిరి మొదటి కంప్యూటర్ ఆన్ చేశాడు. అది పాస్‌వర్డ్ అడిగింది. శనివారం నాన్న తానే పెట్టుకున్న పాస్‌వర్డ్ అది, నాయనమ్మ పూర్తి పేరూ, ఇంటిపేరూ, ఊరి పేరూ కలిపి, మధ్యలో ఖాళీ లేకుండా. నాన్న చెవిలో చెబితే యాదగిరి రెండు వేళ్లతో కొట్టడం మొదలుపెట్టాడు. తెర మీద ఒక్క అక్షరం పడలేదు. శనివారం ఎక్కించేటప్పుడు చుక్కలైనా చూపించింది, కానీ లోపలికి పోయేటప్పుడు లినక్స్ పాస్‌వర్డ్ అంతే, కొడుతుంటే చుక్క కూడా చూపించదు. అది నా నోట్‌బుక్కులో ఉంది, కానీ ఆ క్షణంలో నాకు గుర్తు రాలేదు. యాదగిరి కొట్టాడు, తప్పంది. మళ్లీ కొట్టాడు, తప్పంది. "కీబోర్డు పోయినట్టుంది సార్," అన్నాడు. ఎవరో కుర్చీ జరిపారు. ఇద్దరు లేచారు.

"నాన్నా, అది కనపడదు. కనపడకుండనే కొట్టాలె," అన్నాను చివరికి.

నాన్న నా వంక చూశాడు. "గంతేనా?" అన్నాడు. యాదగిరిని లేపి కూర్చున్నాడు. పక్కనున్న టైపు మెషిన్ మీది గుడ్డ తీసి, తన రెండు చేతుల మీద కప్పుకున్నాడు. తల ఎత్తి, తెర వంక కాదు, తల్లిదండ్రుల వంక చూస్తూ, గుడ్డ కింద వేళ్లు ఆడించాడు. వర్షం పడ్డట్టు ఒక్క జల్లు, ఎంటర్. లినక్స్ తలుపు తెరిచింది. లేచినవాళ్లు కూర్చున్నారు.

తెర మీద ఒక గుర్తు, దాని పక్కన మినుకుమినుకు. పంజాగుట్టలో నర్సుగా పనిచేసే ఒకావిడ, తన కూతురి చెయ్యి పట్టుకుని, "ఏంటి మాస్టారూ, బొమ్మలేం రావా?" అంది. నాన్నకు ఏం చేయాలో తెలియలేదు. వేళ్లకు తెలిసింది అవి చేశాయి. ఇన్నేళ్లుగా ప్రతి పిల్లకూ మొదటి రోజు నేర్పిన మొదటి పాఠం కొట్టాడు: ఎ, ఎస్, డి, ఎఫ్, ఖాళీ, సెమీకోలన్, ఎల్, కె, జె. కంప్యూటర్ టక్కున జవాబిచ్చింది, అలాంటి ఆజ్ఞ లేదని. ఒకసారి కాదు, సెమీకోలన్‌కు ముందున్నదానికోసారి, వెనకున్నదానికోసారి, ఒకదాని కింద ఒకటి.

నాన్న ఆ రెండు లైన్లూ చదివాడు. "ఒక్క లైన్ల రెండు తప్పులు పట్టింది," అన్నాడు నెమ్మదిగా. "ఇన్నేండ్లల్ల నన్ను ఎవ్వరు తప్పు పట్టలే." తర్వాత అందరి వైపూ తిరిగి, ఆయన నోట నేనెప్పుడూ వినని మాట అన్నాడు. "నాకిది రాదమ్మా. మా బిడ్డకొస్తది."

నాకు వచ్చింది రెండు నోట్‌బుక్కులే. ఆయన సొరుగులోంచి కొత్త రిజిస్టరు తీసి, మొదటి వరసలో విద్యార్థి పేరు అన్నచోట దేవదానం అని రాసుకున్నాడు. మాస్టరు పేరు అన్నచోట నా పేరు రాశాడు. నర్సు ఆ పేజీ వంక కాసేపు చూసి, "మాస్టారే చేరాక ఇంకేముంది? రెండో పేరు మా పిల్లది రాయండి," అంది. ఓనరు గోడల వంక చూడటం మానేసి కుర్చీలో కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున ఏడింటి బ్యాచికి నేను ఆ హాల్లో బోర్డు ముందు నిలబడ్డాను, చేతిలో నోట్‌బుక్కుతో. పిల్లలంతా కూర్చున్నారు. నాన్న మాత్రం రాలేదు. వెతికితే గడప బయట ఉన్నాడు. తలకు నూనె రాసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, చంకలో కొత్త నోట్‌బుక్కు పెట్టుకుని, చెప్పులు విప్పి నిలబడి ఉన్నాడు.

"లోపలికి రావచ్చా మేడమ్?" అన్నాడు.

తలూపాను.

"గట్ల తలూపితే సరిపోదు. మాస్టరన్నంక నోటితోటి చెప్పాలె."

"రా నాన్నా," అన్నాను.